పానం మంచిగ లేదు

సంచిలో ఇలాచి వాసన.

రెండు లుంగీలు. మూడు అంగీలు. తువ్వాల, సబ్బు, దువ్వెన. నాగమణమ్మ ఒక్కొక్కటీ మడిచి పెడుతోంది. మళ్లీ తీస్తోంది. మళ్లీ మడుస్తోంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోదు. జేబుల మూలల్లో ఇంకిపోయింది.

గడప మీద తమ్ముడు వేణుగోపాల్. చేతిలో చాయ్. కప్పులో కంటే తొణికి సాసర్‌లోనే ఎక్కువుంది.

బయట ఆషాఢం గాలి. దుమ్ము లేపే గాలి. మూసిన తలుపులు తోసి చూసే గాలి...

ఆ గాలంటే ఆమెకు భయం.

ముందు మసాలా దుకాణం, వెనక ఇల్లు. తాతలనాటివి. భర్త పోయి ఆమె పుట్టింటికి తిరిగొచ్చేసరికి వేణు తల్లి లేని పసివాడు. ఆమె కొంగు పట్టుకునే పెరిగాడు.

తర్వాత సీసా పట్టుకున్నాడు.

ఎప్పుడు పట్టుకున్నాడో ఆమెకు తెలియదు. తాను దాచడం ఎప్పుడు మొదలుపెట్టిందో మాత్రం తెలుసు. ఏదో పెళ్లికి ప్రయాణం. వాకిట్లో ఆటో. వాడి నోట్లోంచి గుప్పున వాసన. దుకాణం డబ్బాలోంచి నాలుగు ఇలాచిలు తీసి, తానే వాడి నోట్లో పెట్టింది. పసివాడికి మందు పెట్టినట్టు.

ఆ తర్వాత రోజూ పెట్టింది.

వాడు లేవలేని రోజున గిరాకీలు అడిగేవాళ్లు. ఏమైందమ్మా వేణుకు?

"పానం మంచిగ లేదు."

ఒంట్లో బాగాలేదని, ఏళ్ల తరబడి అదే మాట. ఒకే రాగంలో, నేల చూపులతో.

మొన్న దవాఖానలో డాక్టరమ్మ కూడా అదే మాట అంది.

"ఇది జబ్బేనమ్మా. షుగర్ లెక్క, బీపీ లెక్క. మందులున్నయి. కొన్ని దినాలు తాగుడు మాన్పించే సెంటర్ల ఉండాలె."

"మందుకు మందా మేడమ్?" అన్నాడు వేణు.

డాక్టరమ్మ నవ్వింది. వేణు నవ్వాడు. నాగమణమ్మ నవ్వలేదు.

జబ్బు — అది తాను అల్లిన మాట. గోడకు పడ్డ పగులు కనబడకుండా క్యాలెండర్ తగిలించినట్టు, ఇన్నేళ్లూ తగిలించిన మాట. వెనక ఏముందో ఆమెకొక్కతెకే తెలుసు. ఇప్పుడు చదువుకున్న మనిషి వచ్చి ఆ క్యాలెండరే గోడ అంటే...

ఎలా నమ్ముతుంది?

వేణు మాత్రం నమ్మాలనుకున్నాడు. ఇంటికొచ్చాక అడిగాడు.

"అక్కా, మేడమ్ చెప్పింది నిజమేనా? నాది బీమారేనా... లేకుంటే నేనే గిట్లాంటోన్నా?"

"ఎవడన్న చెయ్యి పట్టి నోట్ల పోసిండారా?"

ఎవరూ పోయలేదు. అదీ నిజమే. వాడి కాళ్లతో వాడే నడిచి పోయాడు. కానీ పొద్దు పొడవకముందే లేచి చెప్పుల కోసం తడుముకునే వాడి కళ్లు ఆమె చూసింది. ఆ కళ్లలో వాడు లేడు. అదీ నిజమే.

వేణు తలొంచుకున్నాడు. "అయినా పోత. బోనాలకు ముందే పోత. గల్లీల డప్పు మోగితే ఆగుడు నాతోని గాదు."

నేను కూడా వస్తా అని ఆమె అనలేదు. సెంటర్ దాకా పోతే గేటు దగ్గర ఎవరైనా చూస్తారు. స్టేషన్ దాకా వచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుని.

ఫలక్‌నుమా స్టేషన్. రైలు ఇక్కడే మొదలు. సగం ఖాళీగా నిలబడి ఉంది. గాలి కాగితాలను ప్లాట్‌ఫారం మీద తరుముతోంది.

చెమట తుడుచుకుందామని వేణు సంచి తెరిచాడు. తువ్వాల లాగాడు. మడతలోంచి ఒక పొట్లం జారి పడింది.

ఇలాచి.

తాను పెట్టినట్టే ఆమెకు గుర్తు లేదు. చేతులే పెట్టాయి.

వేణు పొట్లాన్ని చూశాడు. ఆమెను చూశాడు. పగలబడి నవ్వాడు.

"తాగుడు బంద్ చేసే జాగకు పోతుంటె గూడ నా నోరు దాస్తవా అక్కా?"

"తెల్వకుంట పెట్టినరా..."

"తెల్వకుంటనే అక్కా. నేను గూడ గట్లనే."

నవ్వు ఆగిపోయింది. పొట్లం ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "ఉంచుకో. ఇది నీది."

అప్పుడే ఎదురొచ్చింది సుజన. దుకాణానికి రోజూ వచ్చే పిల్ల, పనికి పోతోంది, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఏంది కాకా, సంచి గట్టినవ్? సవారీ యాడికి?"

వేణు అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు బడి ముందు నిలబడి, నా పేరు నువ్వే చెప్పక్కా అన్నట్టు చూసేవాడు. అచ్చం ఆ చూపే.

ఆమెకు తెలుసు ఏం చెప్పాలో. ఆ మాట ఇవ్వాళ అబద్ధం కాదు. తలెత్తి చెబితే చాలు.

"పానం మంచిగ లేదు బిడ్డా," అంది.

అక్కడ ఆగితే బాగుండేది.

"...జరంత కడుపునొప్పి."

పాత గొంతు. పాత రాగం. నేల చూపులు.

ఆ గొంతు నీడలోనే బతికినవాడు. గుర్తుపట్టడా?

మెల్లగా సంచి జిప్పు లాగాడు. "అవ్ బిడ్డా, కడుపునొప్పే," అన్నాడు సుజనతో. రైలెక్కాడు. కిటికీ దగ్గర కూర్చోలేదు.

సాయంత్రం సెంటర్ నుంచి ఫోను. "మీ తమ్ముడు ఇంకా రాలేదమ్మా. బయల్దేరిండా?"

ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

"పానం మంచిగ..."

అటువైపు హలో, హలో. ఇటువైపు గాలి. దుకాణం తలుపును తోస్తోంది, వదులుతోంది, తోస్తోంది.

పిడికిలి విప్పింది. పొట్లం చెమటకు తడిసి చిరిగింది. అరచేతి గీతల్లో ఇలాచి వాసన.

వేణుగోపాల్ మళ్లీ రాలేదు. రైలెక్కి పోయింది రెండువేల ఇరవై మూడు ఆషాఢంలో, లాల్‌దర్వాజ బోనాలకు ముందటి శుక్రవారం.