గుమ్మడికాయ పట్టుకున్న మనిషి

మంచిర్యాల స్టేషన్ రోడ్డులో నాది ఫ్లెక్సుల దుకాణం. డిజైన్లు కోడలు గ్రేస్ చేస్తుంది. కంప్యూటర్ నిండిపోయిందని ఈ వేసవిలో బొమ్మలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించింది. కొన్నవీ, మేము తీసినవీ కలిపి సర్దింది. పూలకు ఒక ఫోల్డర్, పావురాలకు ఒకటి, దండం పెట్టే చేతులకు ఒకటి. చేతులు ఎవరివైనా పరవాలేదట, నాయకుడి ముఖం తర్వాత అతికించవచ్చట. మెచ్చుకుంటానని నా వైపు చూసింది. మెచ్చుకోలేదు.

ఆ సర్దుడులో నా భార్య బుచ్చవ్వ వంటల ఫోల్డర్‌లో పడింది.

బుచ్చవ్వ నవ్వుతున్న ఫోటో ఒక్కటే ఉంది. మా చర్చిలో కోత పండుగ నాడు ఇళ్ల నుంచి తెచ్చిన కాయగూరలు వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ కోసం నేను పంతం పట్టి పాట పెంచాను. ఆడవాళ్ల వైపు నుంచి నాకు పోటీగా పాడుతున్నది బుచ్చవ్వేనని చివరికి గాని తెలియలేదు. కాయ కూడా మా పెరటిదే. దాన్ని పట్టుకుని ఆమె నవ్విన నవ్వు అది. నా మీది నవ్వు. ఊరికి చూపించేది కాదు.

గ్రేస్ బోథ్ నుంచి కోడలిగా వచ్చేసరికి బుచ్చవ్వ లేదు. మా గోడ మీది ఫోటోలో ఉన్నది కోపం ముఖం. అందుకే ఈ నవ్వు చూసి, కొన్న బొమ్మ అనుకుంది. కాయ ఉంది కాబట్టి వంటల్లో వేసింది.

ఒక పొద్దున చౌరస్తాలో తలెత్తితే బుచ్చవ్వ కనబడింది. నా కంటే ఎత్తు. గుమ్మడికాయ తీసేసి చేతిలో పప్పు గిన్నె పెట్టింది గ్రేస్. కింద "అమ్మ చేతి రుచి. శ్యామల కర్రీ పాయింట్."

బుచ్చవ్వ పప్పులో ఏనాడూ ఉప్పు సరిగా వేయలేదు.

శ్యామల గని కార్మికుడి భార్య. ఇదే ఆమె మొదటి దుకాణం, ఆ రోజే మొదలు. బోర్డు వెంటనే దించమన్నాను.

"జర ఆగు సీమోను మామా. గిప్పుడు దించితే మొండి గోడ ముంగట దుకాణం తెరవాల్నా?"

"గామె నా పెండ్లాం."

శ్యామల పరేషాన్ అయింది. నేను గ్రేస్‌కు ఫోన్ చేస్తే, క్లౌడ్‌లో ఆడవాళ్లకు కొదవ లేదు, వేరే బోర్డు గంటలో కొట్టిస్తానంది. ఫోటోలు పంపింది. శ్యామల ఒక్కొక్కరినే చూసింది. అందరికీ గోళ్ల రంగు.

"వీళ్లు వండుతరంటే ఎవడు నమ్ముతడు మామా? గీ అవ్వను చూసి పొద్దుగాల్నుంచి మంది అడుగుతున్నరు, ఎప్పుడు తెరుస్తవని."

"నమ్మినోళ్లు మోసపోతరు. ఆమె పప్పు జిందగీ అంత తిన్నోన్ని నేను."

శ్యామల మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. నాకు మండింది. పైకి చూశాను. పైనున్నది కూడా ఆ మాటకే నవ్వుతున్నట్టుంది.

నిచ్చెన గోడకే ఆనించి ఉంది. ఎక్కి చింపేస్తే అయిపోయేది. కాని చింపితే శ్యామల వంట మట్టిపాలు, చింపకపోతే బుచ్చవ్వ పేరు మీద అబద్ధం. దుకాణానికి పోయి పొడుగాటి స్టిక్కర్ ఒకటి కొట్టించి తెచ్చాను. నేనే నిచ్చెనెక్కి "అమ్మ చేతి రుచి" మీద అంటించాను.

"వండేది ఈమె కాదు."

షిఫ్టుకు పోయే గనివాళ్లు ఆగి చదివారు. నవ్వుకుంటూ లోపలికి పోయి పార్సిళ్లు కట్టించుకున్నారు.

ఫోటోను క్లౌడ్ నుంచి తీయించాను. ఇప్పుడది నా ఫోన్‌లో ఉంది, చౌరస్తాలో ఉంది. గ్రేస్‌ను ఇంకా క్షమించలేదు.