యంత్రానికి రెండు దుంగలు

రాత్రి కురిసిన మంచు బరువుకి పెరట్లో రేకుల షెడ్డు కూలింది. మంచు తవ్విపోసే కొత్త యంత్రం దాని కింద చిక్కుకుపోయింది. పైనున్న మంచు తీశాకే కిందికి దూరాలని, జపాన్‌లో మంచుకి పేరుపడ్డ నీగాతాలో పసిపిల్లలకి కూడా తెలుసు.

"అంతదాకా ఎవరాగుతారు? కినూయె సన్నగా ఉందిగా, దూరి యంత్రానికి తాడు కట్టొస్తుంది," అంది కినూయె అత్తగారు తోసె.

కినూయె భర్త షిగెయో ఇంట్లో ఉన్న రెండు దుంగల్నీ యంత్రానికి అటూ ఇటూ దూర్చి, కప్పుకి ఊతంగా నిలబెట్టాడు, రంగు గీసుకుపోకుండా.

"నేను పాకేచోట కూడా ఒకటి పెట్టండి," అంది కినూయె.

"నువ్వు వంగుతావు కదే. అది వంగలేదు," అంది అత్తగారు. షిగెయో నవ్వాడు.

కినూయె తాడు పట్టుకుని పాకింది. వీపు మీద రేకు కిర్రుమంది. తాడు దేనికి కట్టాలో ఒక్క క్షణం ఆలోచించి, కట్టి, బయటికొచ్చి మంచు దులుపుకుంది.

"గట్టిగా కట్టావా?"

"కట్టానత్తయ్యా. లాగమనండి."

షిగెయో ట్రక్కుతో లాగాడు. తాడు వెంట దుంగ వచ్చింది, కప్పు కిందికి దిగింది, యంత్రం పచ్చడైపోయింది.

"దుంగకి కట్టావేమే?"

"చీకట్లో తెలీలేదత్తయ్యా. భయమేసింది."

ఇక చలికాలమంతా పారలే గతి. కినూయెకి ఎలాగూ అలవాటే, యంత్రాన్ని ఆమెనెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. లోపలికెళ్లి మూడు పారలు తెచ్చి, పిడి విరిగినవి రెండూ వాళ్లకిచ్చింది.