తాళాలత్త గుప్పిట

పదివేలమంది! నెలాఖరులోగా దుకాణం పేజీకి పదివేలమంది ఫాలోవర్లు చేరితే, తమ సర్వీసు సెంటరు అక్కడే పెడతామన్నారు తాళాల కంపెనీవాళ్ళు. ఆ మాట విన్నప్పటినుంచి కోడలికి అన్నం సయించడంలేదు. ఎలా సయిస్తుంది? కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది తనేనాయె. అత్తగారు ముప్పయ్యేళ్ళు ఒంటిచేత్తో నడిపిన దుకాణం ఈమధ్య ఈగలు తోలుకుంటోంది. ఈ సెంటరు వస్తే నిలబడుతుంది, లేకపోతే షట్టరు దించేయడమే.

ఆ అత్తగారిని వీధి వీధంతా తాళాలత్త అంటుంది. గోడనిండా ఇంకా కోయని తాళంచెవులు, మూలన కోత మిషను, ఆవిడ వేళ్ళకి ఎప్పుడూ ఇత్తడి రజను. ఆవిడకో పట్టింపు ఉంది. కోసిన తాళంచెవిని బల్లమీద వదలదు. మిషనులోంచి తీస్తూనే గుప్పిట మూస్తుంది, అడిగినవాళ్ళ చేతిలో పెట్టాకే తెరుస్తుంది. కోడలికది వట్టి చాదస్తంలా కనబడేది.

అందుకే, అత్తగారు మంచినీళ్ళకని లోపలికెళ్ళిన రెండు నిమిషాల్లో పని కానిచ్చింది. మిషనుకి బిగించి ఉన్న కొత్త తాళంచెవి దగ్గరగా ఫోను పెట్టి, దాని ఒక్కొక్క పన్నూ నిగనిగలాడేలా వీడియో తీసి పేజీలో వదిలింది. ఇంకేముంది, మూడు లక్షలమంది చూశారు! నెలాఖరు ఇంకా మూడు రోజులుందనగా ఫాలోవర్లు తొమ్మిదివేల ఎనిమిదివందలకి చేరారు. కోడలు ఆనందం పట్టలేక పరుగెత్తుకెళ్ళి అత్తగారికి చూపించింది.

తాళాలత్త కళ్ళజోడు సవరించుకుని చూసింది. చూసి, ముక్కున వేలేసుకుంది.

"ఇది మన టీచరమ్మ చేయించుకున్న వీధితలుపు తాళంచెవి కదే!"

"అయితే ఏంటత్తయ్యా?"

"ఏంటా? పళ్ళు ఇంత బాగా కనబడుతుంటే పని తెలిసినవాడెవడైనా బొమ్మ చూసి అరగంటలో కోసిపారేస్తాడు. దొంగచేతికి తాళాలిచ్చినట్టు కాదూ?"

"ఎవరింటిదో వాళ్ళకెలా తెలుస్తుంది?" అంటూనే కోడలు కామెంట్లు తీసింది. అన్నిటికన్నా పైన టీచరమ్మే వెలిగిపోతోంది: 'ఇది మా ఇంటిదే! పార్కు ఎదురుగా పచ్చగేటు ఇల్లు. మధ్యాహ్నాలు సంగీతం క్లాసుకెళ్తాను, ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం రండి, చూపిస్తా.' దానికింద ఆవిడ బంధువులవి నలభై హృదయాలు!

కోడలి వేలు డిలీటు దాకా వెళ్ళి ఆగింది.

"తీసేస్తే అంతా పోతుందేమో అత్తయ్యా. కంపెనీవాళ్ళు చూసి మెచ్చుకున్నది ఈ ఒక్కదాన్నే."

"నీ ఇష్టమమ్మా. నేనైతే తాళం మార్చడానికి వెళ్తున్నా." ఆవిడ అప్పటికే పనిముట్ల సంచీ సర్దుకుంటోంది.

చేతికందింది నోటికందకుండా పోతోందని కోడలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వీడియో తీసేసి, అత్తగారి వెనకే నడిచింది.

టీచరమ్మ తలుపు తీసి, సంగతంతా విని, ఉసూరుమంది. "అయ్యో, మా తాళంచెవికి అంత పేరొస్తే తీసిపారేశారా!"

తాళాలత్త వంగి తలుపుకి ఆ కంపెనీదే కొత్త తాళం బిగిస్తుంటే, కోడలు మళ్ళీ ఫోను పట్టుకుంది. ఈసారి జరిగిన తప్పంతా దాచుకోకుండా చెప్పింది. చివర్లో టీచరమ్మ ఆశగా, "కొత్తదైనా చూపించండి, మా వాళ్ళు చూస్తారు" అంది.

"చూపించను!" అంటూ తాళాలత్త మూసిన గుప్పిట ఫోనుకి అడ్డంపెట్టింది. వీడియో అక్కడితో ఆగింది.

పేజీలో పెట్టిన గంటకే గోల మొదలైంది. 'ఓరి నాయనో, కొత్తింటి తాళంచెవులు పట్టుకుని ఫోటో దిగి పెట్టానే!' అని ఒకరు. 'మా ఆయన కారు తాళంచెవి కూడానా?' అని ఇంకొకరు. భయపడినవాళ్ళంతా తమ చుట్టాలకి పంపారు, ఆ చుట్టాలు వాళ్ళ చుట్టాలకి పంపారు. మర్నాటికి పదివేలు దాటి, పదిహేనువేలకీ వెళ్ళింది. కోడలు ఫోను అత్తగారి చేతిలో పడేసి, ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది. తాళాలత్త "వదలవే, రజను అంటుతుంది" అంటూనే మురిసిపోయింది.

అంతలో కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. "లెక్క సరిపోయిందమ్మా, కాదనను. కానీ మా తాళం బిగిస్తూ తాళంచెవి దాచేస్తే ఎలా? మా సరుకు కనబడాలిగా?"

"కనబడకపోవడమే బాబూ మీ సరుకు," అంది తాళాలత్త.

మేనేజరు గొంతు బాగా తగ్గింది.

"అమ్మా... పోయిన నెల మేం కొత్త ఫ్లాట్లో చేరాం. మా ఆవిడా నేనూ తాళంచెవులు పట్టుకుని ఫోటో దిగి..."

తాళాలత్త పకపకా నవ్వింది. "ముందు ఆ ఫోటో తీసెయ్యి నాయనా. సెంటరు కాగితాలు మీ ఇంటికే తెచ్చుకో, మేమొచ్చి తాళం మార్చాక సంతకాలు పెడతాం. ఇంటి అడ్రసు మాత్రం కామెంట్లో రాయకు, నాకు చెప్పు చాలు."