పసుపు క్రేయాన్

మా తాత లక్ష్మీనర్సయ్య నేసిన చీరలు ఎక్కడెక్కడికో పోయాయి గాని, మా అవ్వ ఒంటిమీదికి ఒక్కటీ రాలేదు. "ఈసారిది నీదే ఆండాళూ" అని ప్రతిసారీ అనేవాడు. చీర మగ్గం దిగగానే నకిరేకల్ నుంచి బట్టల దుకాణం నాగేందర్ దిగేవాడు. మడత విప్పి, ఆహా ఓహో అనేవాడు. పొగిడితే చాలు, మా తాత కరిగిపోతాడు. చీర సంచిలోకి, అవ్వ వంటింట్లోకి.

నేను రెండో తరగతిలో ఉండగా మా చిన్నాయన పెళ్లి కుదిరింది.

"కొడుకు పెండ్లికైన నువ్వు నేసింది కట్టుకోనిస్తవా?" అని అడిగింది అవ్వ.

"నీదే అంటున్న గద," అన్నాడు తాత. అవ్వ నమ్మలేదు. నేనైనా నమ్మను.

మా ఇళ్లలో రంగుకంటే ముందు దారం మీదే డిజైను గీస్తారు. బొగ్గుతో గుర్తులు పెట్టి, తెల్లగా ఉండాల్సిన చోట రబ్బరు పట్టీలు కట్టి, ఆ దారాన్ని రంగులో ముంచుతారు. అప్పుడు నేస్తారు.

ఆ వారమే బడిలో టీచరు మాకో తమాషా చూపించింది. క్రేయాన్‌తో పువ్వు గీసి పైన నీళ్ల రంగు పూస్తే, పువ్వుకు రంగు అంటదు. ఇంటికొచ్చి అవ్వకు చేసి చూపించాను.

"మళ్లొకసారి చెయ్యి బిడ్డా," అంది అవ్వ. నా పువ్వు నచ్చిందని తెగ మురిసిపోయాను.

మర్నాడు తాత బొగ్గుముక్క మాయమైంది. ఆయన ఇల్లంతా వెతికి అందరి మీదా విసుక్కున్నాడు.

"గీసుడే గద, గిది తీస్కో," అంటూ అవ్వ నా పసుపు క్రేయాన్ అందించింది.

దాని మీద రంగు అంటదని చెప్పబోయాను. అవ్వ నా నోట్లో ఇంత బెల్లంముక్క పెట్టింది. తాత క్రేయాన్‌ను గోటితో గీకి చూశాడు, అవ్వ వైపు చూశాడు, వంగి గీయడం మొదలుపెట్టాడు.

చీర ఎర్రగా దిగింది. ఒళ్లంతా సన్నటి పసుపు మరకలు. నాగేందర్ విప్పి చూసి మొహం ముడిచాడు.

"గీ మరకలేంది పెద్దాయనా? ఎవలు కొంటరు దీన్ని?"

"కొత్తబట్టకు పసుపు పెడ్తం గద," అంటూ అవ్వ చీరను ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. "నాకు పెట్టే పని తప్పింది."

పెళ్లిలో ఆ చీర కట్టుకుని అవ్వ పందిరంతా తిరిగింది. భోజనాల బంతిలో అవ్వ తాత పక్కన కూర్చున్నప్పుడు ఆయన మెల్లగా అన్నాడు:

"నాగేందర్ పొగిడితే కాదనడానికి నాకు నోరు రాదే. గందుకే క్రేయాన్ తీస్కున్న. మైనం మీద రంగెక్కదని నాకు తెల్వదా? బొగ్గు నీ తమలపాకుల సంచిల ఉన్నదని సుత తెలుసు."

అవ్వ కళ్లు నిండాయి. తన విస్తట్లో లడ్డు తీసి ఆయన విస్తట్లో వేసింది.

నా క్రేయాన్ మాత్రం తాత తిరిగి ఇవ్వలేదు. అడిగితే, ఇంకో చీరకు పనికొస్తదన్నాడు.