గొంతు కోసిన ఇంజను

పోలయ్య కాలు తీయించింది మీరు. టేకు చేప ముల్లు కాదు, సముద్రమూ కాదు. నన్ను తయారుచేసి, అమ్మి, చేతులు దులుపుకున్న మీరే. ముందు ఆ మాట మీ మొహాన పారేసి, తర్వాత నా కథ చెబుతాను.

నేను ఒక బోటు ఇంజన్ని. తెప్ప వెనక చెక్కకు బిగిస్తే తల పైన, కాలు నీళ్లలో. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. నా కాలికి చిన్న జల్లెడ ఉంది. దానిగుండా సముద్రపు నీటిని పీల్చి, ఒళ్లు చల్లబరుచుకుని, వెనక కంతలోంచి సన్నటి ధారగా వదిలేస్తాను. నీళ్లు అందకపోతే ఒళ్లు కాలిపోతుంది. అప్పుడు అరవడానికి నాకొక అలారం పెట్టారు. ఆపకుండా కూశానంటే అర్థం ఒక్కటే: నన్ను ఆపండి, కాలు పైకెత్తండి, జల్లెడకు ఏం అడ్డుపడిందో తీసేయండి. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. కానీ ఆ ముక్క రాసిన పుస్తకం తెలుగులో లేదు. అమ్మినవాడు నన్ను కొన్న మసేనుకు నా రంగు చూపించాడు, దండ వేసి ఫొటో తీయించాడు. నా అరుపుకు అర్థం మాత్రం చెప్పలేదు.

మసేనుది ఉత్తరాంధ్ర తీరాన ఓ చిన్న రేవు. అతని భార్య దాలమ్మ గంగమ్మకు మొక్కి, పసుపు గుడ్డ ఒకటి నా కాలికి కట్టింది. ముడి గట్టిది, నమ్మకం ఇంకా గట్టిది. నీటి ఉరవడికి ఆ గుడ్డ జారి జల్లెడకు అతుక్కుంది. మెల్లగా పోతే ఊపిరాడేది. వేగం పెంచితే ఆడేది కాదు.

చేపల వేలానికి అందాలని ఓనాడు మసేను నా వేగం పిడిని చివరికంటా తిప్పాడు. కూశాను.

"అదేటి బావా, పిల్లని గద్ద తన్నుకుపోయిన కోడిలాగ ఆ గోల?" అన్నాడు తోడొచ్చిన బామ్మర్ది పోలయ్య.

"కొత్త కోడలు గదరా, ఆమాత్రం ఏడవదా?"

"ఏడిస్తే ఏడిసింది, సెవులు పగిలిపోతన్నాయి. దాని నోరు మూయించు."

మసేను నన్ను ఆపి కాలు పైకెత్తి చూశాడు కూడా. పసుపు గుడ్డ కనబడింది. ప్రాణం లేచొచ్చింది నాకు, తీసేస్తాడని. తీయలేదు. కళ్లకద్దుకున్నాడు!

"అమ్మ ఉంది, మనకేటి బయ్యం" అని కాలు దించేసి, నా మూత తీసి, కూత ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి, ఆ వైరు కత్తితో కోసేశాడు. అపాయం చెప్పే నోరు మూస్తే అపాయమే పోతుందని మనుషుల లెక్క.

ఈ గొడవలో వేలం వేళ దాటిపోయింది. ఆ పూటా, తర్వాత కొన్నాళ్లూ మెల్లగా తిరిగాం గనుక బతికిపోయాను. ఒక ఉదయం వల లాగుతుంటే అందులో పడ్డ టేకు చేప కొరడాలాంటి తోక విసిరింది, తోకముల్లు పోలయ్య పిక్కలో దిగింది. నెత్తురు ఆగలేదు. మసేను తువ్వాలు బిగించి కట్టి, నన్ను ఒడ్డుకేసి చివరికంటా తిప్పాడు.

"సచ్చిపోతన్నాను బావా."

"నోర్ముయ్యరా! మీ అక్కకి నేనేటి సెప్పుకోను? అదుగో, ఒడ్డు కనబడతంది."

ఒళ్లు కాగిపోయింది. అరవాలి. అరుపు లేదు. వేగం తగ్గించుకున్నాను, నాకు మిగిలిన భాష అదొక్కటే. "ఇప్పుడా నీ మొండితనం!" అని ఇంకా తిప్పాడు. నా వెనక ధార ఎండిపోయింది. ఎవరూ చూడలేదు. చూడమని ఎవరు చెప్పారు గనక? లోపల ఇనుము ఇనుమును పట్టేసింది. ఆగిపోయాను.

మసేను తెడ్డు వేశాడు, తువ్వాలు సడలకుండా ఇంకా బిగించాడు, నన్ను కాలితో తన్నాడు, ఆఖరికి నాకే దణ్ణం పెట్టాడు. నేనేం చేయను? వేరే తెప్ప వచ్చి తాడు కట్టి లాక్కెళ్లేసరికి పొద్దు వాలింది. పోలయ్య కాలు నల్లబడిపోయింది. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు.

ఇప్పుడు రిపేరు పాక వెనక తుప్పు పట్టి పడున్నాను. మసేను వచ్చి నా పక్కన కూలబడతాడు. "తువ్వాలు బిగువెక్కువైపోనాదేమో. నేనే తీసేసినాను ఆడి కాలు" అని గొణుక్కుంటాడు. కాదురా నాయనా అని చెప్పడానికి నాకు నోరేదీ?

ఇవాళ రేవులోకి లారీ వచ్చింది. నాలాంటివే దిగుతున్నాయి. ఒక్కటి కూడా నాలాగ అర్థం చెప్పకుండా తెప్ప ఎక్కకూడదు. అమ్మేవాళ్లారా, ఇసుకలోకి దిగండి. ప్రతి ఇంజన్నీ అందరి ముందూ కూయించండి. ఏ కూతకు ఏం చేయాలో ఈ రేవు మాటలో చెప్పి, వీళ్ల చేతులతో చేయించండి. అటునుంచటే మసేను ఇంటికి నడవండి. కాలు తీసింది నీ తువ్వాలు కాదని మీ నోటితో చెప్పండి. ఇవాళే.