నేను మింగని హంస

నేను ఒక చచ్చిన పెన్‌డ్రైవ్‌నట. ధర్మవరంలో మా మగ్గాల వీధి వీధంతా అదే మాట. చచ్చినదానివి ఇంత వివరంగా ఎలా మాట్లాడుతున్నావని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. ఆ రోజు ఒక్కరికంటే ఒక్కరికి ఆ అనుమానం వచ్చి ఉంటే నా బతుకు ఇలా అయ్యేది కాదు.

ఏ దేశంలో పుట్టానో సరిగా తెలియదు. కళ్లు తెరిచేసరికి బస్టాండు పక్కన సెల్‌ఫోన్ల కొట్లో అట్టకు వేలాడుతున్నాను. రెండు జీబీ. ఇప్పటివాళ్లు వింటే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. చౌడప్ప నన్ను కొని మొదటి నెలలోనే మూత పోగొట్టాడు. పోగొట్టినందుకు పరిహారంగా మెడకు ఎర్ర పట్టుదారం కట్టాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

చౌడప్పది పట్టుచీరల అంచులు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. నేతవాళ్లు గళ్ల కాగితం మీద బొమ్మ గీసి తెస్తే, గడి తర్వాత గడి నింపుతాడు. అది నాలో పెట్టుకుని పక్క వీధిలో అట్టలు కొట్టే షాపుకు పోతాడు. అక్కడ బొమ్మ ప్రకారం అట్టలకు చిల్లులు పడతాయి, ఆ అట్టలు మగ్గం ఎక్కుతాయి. ఎవరి చీర అంచున నెమలి నడిచినా, ముందు నా కడుపులో నడిచిందే. ఇక అతని కంప్యూటరంటారా, నాకంటే ముసలిది. లోపలి ఫ్యాను పిండిమర మోత మోగేది. ఆ డిజైన్ల ప్రోగ్రాము కొత్తవాటిలో పనిచేయదని దాన్నే పట్టుకుని వేలాడేవాడు. పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలు వెనకవైపువి ఎప్పుడో చెడిపోయాయి. ముందువైపున్న ఒక్కటే నాకు గడప.

ఆదెమ్మ వచ్చింది ఆ గడప దగ్గరికే. నలభై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల అంచులన్నీ నేసిన మనిషి. కళ్లకు శుక్లాలు ముసురుతుంటే, చూపు పూర్తిగా పోకముందే తన సొంతంగా ఒక హంస గీసుకుంది. మెడ వెనక్కి తిప్పి, తన రెక్కను తానే ముక్కుతో దువ్వుకుంటున్న హంస.

"నేసి నేసి సచ్చినా రంగు సీర కట్టినోళ్లకే పేరప్పా. ఈ ఒక్క అంచైనా బజార్లో ఆదెమ్మ అంచు అనిపించుకోవల్ల. అంతే నా ఆశ" అంది.

"అట్లే అంటారు లేక్కా, నాదీ పూచీ" అన్నాడు చౌడప్ప.

నలభై రోజులు గడులు నింపాడు. ఈలోగా రేకుల కప్పు కారి ఆదెమ్మ కాగితాలు తడిసి ముద్దయ్యాయి. కంప్యూటర్ నిండిపోయిందని హంసను నాలోకి పంపాడు. కాపీ చేయలేదండీ, కట్ చేసి పెట్టాడు. అంటే లోకం మొత్తంలో ఆ హంస ఉన్నది నా దగ్గర మాత్రమే. ఆ బరువు నాకెంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. మగ్గాలకు, కత్తెరలకు, కుట్టు మిషన్లకు బొట్లు పెడుతున్నారు. చౌడప్ప కంప్యూటర్‌కు పసుపు రాసి, కుంకుమ నీళ్లతో తడిపి, డిజైన్లన్నీ వచ్చేదీ పోయేదీ ఆ రంధ్రంలోంచే కదా అని, భక్తి ఎక్కువై సరిగ్గా దాని మీదే ఇంత బొట్టు అద్దాడు. కుంకుమ లోపలికి జారి ఎండిపోయింది. మర్నాడు నన్ను పెడితే దీపం వెలగలేదు.

తీసి ఊదాడు. రబ్బరుతో రుద్దాడు. చొక్కాకు తుడిచాడు. అయ్యో, తుడవాల్సింది నన్ను కాదయ్యా! రిపేరు చేసే బాబ్జాన్ వచ్చి ఏవేవో తీసేసి మళ్లీ ఎక్కించి, ఆరుసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. చివరికి జేబులోంచి తన పెన్‌డ్రైవ్ తీసి పెట్టాడు. అదీ పలకలేదు. అక్కడైనా బుద్ధి వెలగాలి కదా? వెలగలేదు.

"వైరస్ బ్రదర్! నీది సచ్చిపోయి నా దానికి గూడా అంటిచ్చింది" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నారంటే ఇదే. అట్టల షాపులో ఒక్కసారి పెట్టి చూసి ఉంటే నిజం తేలిపోయేది. వైరస్ మాట చెవిన పడ్డాక వాళ్లు నన్ను వాకిలి దాటనివ్వలేదు. చౌడప్ప నన్ను విరిగిన దారపు కండెల డబ్బాలో పడేశాడు. ఆదెమ్మ వచ్చి ఆ డబ్బా ముందే చతికిలబడింది.

"ఇంగ గీయల్లంటే నాకు కండ్లు యాడుండాయప్పా?" అని ఏడ్చింది. నా లోపల హంస నిక్షేపంగా ఉంది. అరిచి చెప్పే నోరే లేదు.

మూడో రోజు చౌడప్ప కొత్త పెన్‌డ్రైవ్ కొని తెచ్చాడు. అదీ పలకలేదు. అప్పుడు వంగి చూసి, పిన్నీసుతో గీకాడు. ఎర్రటి పొడి రాలింది. వేలి మీద వేసుకుని చూస్తే తానద్దిన కుంకుమే. పరుగున వచ్చి నన్ను డబ్బాలోంచి తీసి పెట్టాడు. నా దీపం వెలిగింది! హంస తెర మీదికొచ్చి రెక్క దువ్వుకుంది. "బతికితివే తల్లీ" అని చౌడప్ప కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పొంగిపోయాను. ఇక పరుగెత్తి ఆదెమ్మకు చెబుతాడనుకున్నాను.

చెప్పలేదు. చెబితే, నా బొట్టే అడ్డం పడింది అని ఒప్పుకోవాలి. మూడు రోజులు పెన్‌డ్రైవ్‌ను తిట్టిన నోటితో ఆ మాట ఎలా అంటాడు? హంసను కొత్తదానిలోకి కాపీ చేసి, పది రోజులు ఊరకే కూర్చుని, అప్పుడు కబురు పెట్టాడు.

"గుర్తు తెచ్చుకోని, గుర్తు తెచ్చుకోని మళ్లా గీసినానక్కా" అన్నాడు.

ఆదెమ్మ తెరకు ముఖం ఆనించి చూసింది. అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నేను గీసింది పాయ. ఇది నువ్వు గీసింది నాయనా. నీ పేరే పెట్టుకో" అంది.

కాదను, కాదనవయ్యా అని నేను లోపల కొట్టుకుంటున్నాను. చౌడప్ప తల దించుకున్నాడు. అంతే. ఆ అంచు బజార్లోకి చౌడప్ప అంచుగా వెళ్లింది.

ఒకనాడు ఆదెమ్మ, "ఆ సచ్చిన పెన్‌డ్రైవ్ నాకియ్యప్పా, నా హంస దాంట్లోనే కదా పాయ" అని అడిగింది. మర్నాడు ఇస్తానన్నాడు. ఆమె వెళ్లగానే నన్ను కంప్యూటర్‌కు పెట్టి ఫార్మాట్ నొక్కాడు. రేపెవరైనా తెరిచి చూస్తే అన్న భయం. పదేళ్లు మోశాను అతణ్ని. నాలో ఉన్నవన్నీ పోయాయి, పగ మాత్రం పోలేదు.

ఇప్పుడు ఆదెమ్మ మగ్గానికి అదే ఎర్రదారంతో వేలాడుతున్నాను. నిన్న మళ్లీ ఆయుధ పూజ. ఆమె తడుముకుంటూ వచ్చి, కుంకుమ తడిపి మూత లేని నా మూతికే బొట్టు పెట్టింది. చూడవచ్చిన పక్కింటామె మగ్గం మీది చీరను నిమిరి, "హంస బలే ఉందే అత్తా, ఎవురిదీ అంచు?" అంది.

"చౌడప్పది" అంది ఆదెమ్మ. తర్వాత నన్ను అరచేతిలోకి తీసుకుని, "నాది దీంట్లో ఉండాది" అంది.