హారన్ మోగుతున్నా లేవలేదు

బక్కదాని అరచెయ్యి ఆవిరి ఇస్త్రీ కింద పడి తోలు ఊడొచ్చింది. మేడమ్ వచ్చి ముందు దాని నోరు వాసన చూసింది.

"తాగావా?"

"లేదు మేడమ్, నిద్రలేక..."

"మొన్న కూలి అడిగినప్పుడే అనుకున్నా. మీకు పనే వైద్యం. వైద్యానికి కూలి అడుగుతారటే?"

దాని మూట గేటు బయట పడింది.

దర్జీ అక్క పళ్లు బిగించి చూసింది. మేడమ్ నడిపే, తాగుడు మాన్పించే ఆ ఇంట్లో ఆడవాళ్లంతా హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లు. హోటళ్ల డబ్బు మేడమ్‌కు, తిండీ సుద్దులూ వీళ్లకు. నోరెత్తితే గేటు. ఒంటరిగా గేటు దాటితే మళ్లీ సీసా పడతానని అక్కకు తెలుసు.

"మనల్ని మనుషుల్ని చేసిన ఇల్లే. ఎదురుతిరిగితే కళ్లు పోతాయి," అంది పెద్దమ్మ దుప్పటి పిండుతూ.

"పోతున్నవి చేతులు పెద్దమ్మా! ఇవాళ దానివి, రేపు నీవి," అంది అక్క.

"అరిస్తే తాగి అరుస్తున్నారంటుందే."

"అరవొద్దు. ఆవిడ పెట్టిన పద్ధతిలోనే కూర్చుందాం."

అక్కడ పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవాలి. చెప్పేవాళ్లకు ఎవరూ అడ్డురాకూడదు. ఆఖరి మనిషి ముగించేదాకా ఎవరూ లేవకూడదు. రోజూ రెండు ముక్కల్లో తేల్చేసి పనిలోకి ఉరికేవాళ్లు.

మర్నాడు దర్జీ అక్క తను పుట్టిన దగ్గర్నుంచి ఎత్తుకుంది. ఎండెక్కింది. పెద్దమ్మ అందుకుని, మొగుడి దాకా వచ్చాక అత్తగారిని మరిచానంటూ మళ్లీ వెనక్కెళ్లింది. ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బయట దుప్పట్ల లారీ హారన్ మీద హారన్ కొడుతోంది.

"చాలు, లేవండి!" మేడమ్ అరిచింది.

"అడ్డురాకూడదు మేడమ్. ఇంకా తోడికోడలి సంగతుంది," అంది పెద్దమ్మ.

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. మేడమ్ దర్జీ అక్క జబ్బ పట్టి లేపింది.

"నువ్వే కదూ దీనికంతటికీ? పో! పొద్దుగూకేలోగా తాగి పడుంటావు."

అక్క గేటు వైపు చూసింది. ఆ మాట నిజమేనేమో.

"ఒక్కతే పోతే తాగుతుందేమో," పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "అందరం పోతాం. ఎలా తాగుతుందో చూస్తాం."

ఇల్లంతా కదిలింది. గేటు దాటాక ఇద్దరు బక్కదాన్ని వెతకడానికి పరుగెత్తారు. వెనక మేడమ్ ఫోన్‌లో గొంతు తగ్గించి, "రేపటికి మనుషులు కావాలి... ఆఁ, కూలి ఇస్తాను. ఎంతడుగుతారు?" అంటోంది.

దర్జీ అక్క ఆగింది. గేటుకు అడ్డంగా కూలబడి పక్కన నేల తట్టింది.

"కూర్చోండే. రేపు వచ్చేవాళ్లు మనల్ని దాటుకుని పోతారో, మన పక్కన కూర్చుంటారో చూద్దాం."